అద్దానికి అందని వైపు

రోజూ డైరీ రాసే అలవాటు నాకు పాతికేళ్ళుగా ఉంది. తేదీ, వారం, ఆ రోజు చూసిన విమానం రకం, విప్పిన మరలు, తిరిగి బిగించిన మరలు, రెండింటికీ తేడా సున్నా అని తేలాక కింద ఒక గీత. ఇంతకు మించి అందులో ఏమీ ఉండదు. ఇప్పుడు రాయబోయే సంగతి ఆ పద్దుల్లో ఎక్కడా ఇమడలేదు కనుక విడిగా రాస్తున్నాను.

నా వృత్తి విమానాలలో విద్యుత్ తీగలను తనిఖీ చేయడం. టికెట్టు కొని ఎక్కే పెద్ద విమానాలతో నాకు సంబంధం లేదు. కంపెనీల పెద్దలు సొంతానికో అద్దెకో వాడుకునే చిన్న జెట్‌లు హైదరాబాదులోని మా మరమ్మతు షాపుకు వస్తాయి. ఎనిమిది మందికో పది మందికో చోటుంటుంది. తోలు సీట్లు, నున్నటి చెక్క బల్లలు, కాళ్ళు పూడిపోయే తివాచీ. ఆ తివాచీ కింద, ఆ చెక్క వెనక, తీగలు జడలల్లినట్టుగా పరుచుకొని ఉంటాయి. ఒక్కో జడను మేము బండిల్ అంటాం. వాటిలో కూర్చుని తిరిగేవాళ్ళలో వాటిని ఎప్పుడైనా చూసినవాళ్ళు నాకు తారసపడలేదు.

తీగను ఎక్కువగా పాడుచేసేది రాపిడి. ఇంజన్ తిరిగినంత సేపూ విమానం సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకులో బండిల్ ఏదైనా లోహపు అంచును తాకుతూ ఉంటే కొన్ని వందల గంటల ప్రయాణంలో పైపొర అరిగి లోపలి రాగి బయటపడుతుంది. అది లోహాన్ని తాకితే నిప్పురవ్వ పుడుతుంది. పక్కన ఆక్సిజన్ గొట్టం ఉంటే ఆ తర్వాతి సంగతి చెప్పనక్కర లేదు. ఒక రకం జెట్‌లో, కాక్‌పిట్ ఎడమ గోడ వెనక, సరిగ్గా ఇలాంటి అరుగుదల ఎక్కడో ఒకచోట బయటపడింది. వెంటనే ఆ రకం విమానాలన్నిటినీ, ఇన్ని గంటల ప్రయాణం నిండేలోగా, అదే చోట విప్పి చూసి తీరాలని విమానయాన శాఖ నుంచి ఆదేశం జారీ అయింది. గడువు దాటితే విమానం కదలకూడదు. అధికారం ఉన్న ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెట్టాకే మళ్ళీ ఎగరాలి. మా షాపులో ఆ అధికారం నాకు ఉండేది.

అలాంటి జెట్ ఒకటి, గనుల పని మీద వచ్చిన కొందరిని తీసుకొని బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో దిగింది. అక్కడి నుంచి ఢిల్లీ వెళ్ళాలి. దారిలో అనుకోని మజిలీ ఒకటి పెరగడంతో గంటల లెక్క తారుమారైంది. హైదరాబాదులో కూర్చుని నేను కూడి చూశాను. జగదల్‌పూర్ దాకా గడువు సరిపోతుంది, ఢిల్లీ దాకా సరిపోదు. కెప్టెన్‌కు ఫోన్ చేసి చెబితే ఆయనా కూడి చూసి, "అరగంట తక్కువ పడింది, అంతేగా మాస్టారూ!" అన్నారు. అంతే. ఆ అరగంట కోసం నన్నూ, నాతో పనిచేసే మెకానిక్‌నూ జీపులో పంపారు.

జగదల్‌పూర్ నాకు కొత్త కాదు. మా నాన్న విజయనగరం వైపు నుంచి, ఇనుప ఖనిజం మోసే కిరండూల్ రైలు లైనుకు సిగ్నల్ పనివాడిగా వచ్చారు. నేను పుట్టి పెరిగింది ఆ లైను మీది రైల్వే క్వార్టర్లలో. బావ రైల్వేలో రిటైరయ్యాక జగదల్‌పూర్‌లోనే ఇల్లు కట్టుకున్నారు కనుక, నేను అక్కా బావల ఇంట్లో దిగాను. మెకానిక్‌ది కూడా ఆ లైనే. బచేలీ చర్చి వెనక క్వార్టర్లలో పుట్టాడు. ఈడులో నాకన్నా రెండేళ్ళు చిన్న. అతను అక్కడే ఉన్న తన పినతల్లి ఇంటికి పోయాడు.

తనిఖీ రోజు ఉదయం అక్క పెరట్లో బట్టలు ఆరవేస్తూ కేక వేసింది.

"ఒరే తమ్ముడూ, పాలు పొంగిపోతన్నట్టున్నాయి. దించరా!"

వెళ్ళి దించాను. అల్యూమినియం గిన్నె. గట్టు మీద పెట్టి నిలబడ్డాను. అక్క లోపలికి వచ్చి గిన్నెను చూసింది, గోడకు వేలాడుతున్న పట్కారును చూసింది, నన్ను చూసింది.

"దేంతో దించేవురా?"

"చేతులతో."

"ఉత్త సేతుల్తోనా? ఏదీ, సూపించు. ఓరి నాయనో, ఎర్రగా కమిలిపోనాయి! మంట లేదేటి?"

"లేదు."

"లేదంటాడేటి, ఈడు మనిసా, మానా? మన నాయనే నయం. టీ గ్లాసు కూడా తువ్వాలుతో పట్టుకునీవోడు."

వేళ్ళకు కొబ్బరినూనె రాసింది. రాస్తున్నంత సేపూ తిట్టింది. ఎర్రబడిన వేళ్ళను నేను బల్ల మీద పెట్టిన పనిముట్లను చూసినట్టు చూశాను. నూనె చల్లగా ఉందో లేదో కూడా తెలియలేదు.

నాకు చక్కెర వ్యాధి ఉంది. కొన్ని నెలల కిందట డాక్టరు సూదిమొనతో వేళ్ళ కొనలు గుచ్చి చూసి, నరాలు మొద్దుబారుతున్నాయని చెప్పారు. సాధారణంగా పాదాలతో మొదలవుతుందట. నాకు పాదాలూ చేతులూ ఇంచుమించు కలిసే మొదలయ్యాయి. మా వృత్తిలో కంటి పరీక్ష క్రమం తప్పకుండా చేస్తారు. వేళ్ళకు పరీక్ష లేదు. షాపులో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

వేళ్ళ ప్రసక్తి ఎందుకంటే మా షాపులో ఒక పద్ధతి ఉంది. ఆదేశం ప్రకారం దీపం, అద్దం పట్టుకొని కంటితో నిశితంగా చూస్తే చాలు. నాకు పని నేర్పిన పెద్దాయనకు అది చాలేది కాదు. కంటితో ఒకసారి, వేలితో ఒకసారి అనేవారు. అద్దానికి అందని వైపును చూపుడువేలితో తడమాలి. తడిమినవాడే సంతకం పెట్టాలి. ఒకరి వేలికి ఇంకొకరి సంతకం కూడదు. ఆయన కాగితం కింద తలవెంట్రుక పెట్టి, మా కళ్ళు మూయించి, ఎక్కడుందో చూపమనేవారు. నేను నాలుగు కాగితాల కింద ఉన్నా చూపేవాణ్ణి. ఆ పేరు మీదనే నాకు ఈ పని దక్కింది. పైలట్లు కూడా నన్ను "వేలు మాస్టారు" అనేవారు.

ఆ జెట్‌ను రన్‌వే పక్కన ఎండలో నిలిపారు. రెక్క మీది నుంచి టార్పాలిన్ కట్టి కొంచెం నీడ చేసుకున్నాం. కంచె అవతల ఆడవాళ్ళు ఇప్పపూలు ఏరుతున్నారు. ఆ మగ్గిన తీపి వాసన విమానం లోపలికి కూడా వచ్చింది. బ్యాటరీ విడదీసి, ఎర్ర చీటీ కట్టి, గోడ పలకలు విప్పాం. నేను పక్కకు ఒరిగి పడుకొని తల లోపలికి దూర్చాను. అద్దం తిప్పి తిప్పి చూశాను. మూడు వైపులా పొర నిగనిగలాడుతోంది. బండిల్‌ను పట్టి ఉంచే క్లాంపుల రబ్బరు పగల్లేదు. నాలుగోది లోహపు పట్టీ వైపు తిరిగి ఉంది. అక్కడికి అద్దం పోదు. కెమెరా గొట్టం తెచ్చాం గాని, ఆ ఇరుకు మలుపులో అది వంగలేదు.

చూపుడువేలు పంపాను. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపాను. మళ్ళీ వెనక్కి నడిపాను. ఏమీ తగల్లేదు.

అక్కడ గాటు లేకనే తగలలేదో, ఉన్నా నా దాకా రాలేదో నాకు తేలలేదు. మధ్యవేలు పంపాను. ఎడమచేతి వేళ్ళు పంపాను. బయట మెకానిక్ నా కాలి మీద తట్టాడు.

"ఏటి గురువుగారూ, నిద్దరోయారేటి లోపల?"

"లేదు."

"మరి ఊసూ లేదు, ఉలుకూ లేదు. సల్లగుందేటి అక్కడ? నాకూ కాస్త సోటివ్వండి."

బయటికి వచ్చి, పెట్టెలోంచి ఒక పాత తీగ ముక్క, బ్లేడు ఇమ్మన్నాను. తీగ మీద ఒకచోట పైపొర తెగేలా గాటు పెట్టి అతని చేతికిచ్చాను.

"నేను కళ్ళు మూసుకుంటాను. నువ్వు అటూ ఇటూ మార్చి ఇవ్వు. గాటు ఎక్కడుందో చెబుతాను."

"ఈ ఎండలో దాగుడుమూతలేటండీ?" అంటూనే ఇచ్చాడు. తడిమి, ఇక్కడ అన్నాను.

"కాదు."

మళ్ళీ ఇచ్చాడు. ఇక్కడ అన్నాను.

"కాదు గురువుగారూ. సరిగ్గా సూడండి."

మూడోసారీ ఇక్కడ అన్నాను. కళ్ళు తెరిచాను. నా వేలు గాటుకు బెత్తెడు దూరంలో ఉంది. అతను నా చేతులకేసి చూస్తున్నాడు.

"పొద్దున్న కాల్చుకున్నట్టున్నారు. అందుకై ఉంటాది" అన్నాడు.

అందుకే అని ఒప్పుకుంటే ఆ మాట అక్కడితో ఆగిపోయేది. "కాదు, చాలా నెలలైంది" అన్నాను.

అతను తీగ ముక్కను జేబులో పెట్టుకున్నాడు. "పోనీ నా ఏలు ఎట్టి సూత్తాను. బాగున్నాదో లేదో సెప్తాను. మీరు సంతకం ఎట్టీండి" అన్నాడు.

"నీ వేలికి నేను సంతకం పెట్టకూడదు."

"నా మాట మీద నమ్మకం లేదేటి?"

"ఉంది. అయినా కూడదు."

ఇక మిగిలింది ఒకటే దారి. క్లాంపులు ఊడదీసి, రెండు కనెక్టర్లు విడదీసి, బండిల్‌ను పట్టీ నుంచి బయటికి లాగి, తిప్పి, కంటితో చూడటం. తిరిగి బిగించాక ఆ తీగలతో నడిచే పరికరాలన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాలి. కూడి చూశాను. సూర్యాస్తమయానికి రన్‌వే మూసేస్తారు. ఆలోగా మా పని ముగియదు. ఆ రోజుకు విమానం పోదు.

కెప్టెన్ అప్పుడే వచ్చారు. మా హైదరాబాదాయనే, మాటకారి.

"అయిందా మాస్టారూ? పార్టీ గనుల దగ్గర బయల్దేరిందట."

"కాలేదు. క్లాంపులు విప్పాలి."

"ఏం? ఏమైనా కనబడిందా?"

"లేదు."

"కనబడకపోతే విప్పడం ఎందుకండీ? చూడమన్నారు, చూశారు."

"మూడు వైపులే చూశాను."

"లోకంలో అందరూ మూడు వైపులే చూస్తారు. నాలుగోది నా వేలు చూస్తుందని షాపులో కోతలు కోసేది మీరే కదా?"

"ఇవాళ వేలు పని చెయ్యలేదు."

ఆయన నవ్వారు. "సెలవు పెట్టిందా? అర్జీ ఇచ్చిందా, లేదా?" మెకానిక్ నవ్వలేదు. అది చూసి కెప్టెన్ కూడా నవ్వు ఆపి గొంతు తగ్గించారు. "చూడండి, వాళ్ళకు రేపు పొద్దున ఢిల్లీలో పనుంది. మీరు చేసింది ఆదేశానికి సరిపోతుంది. మీ మేనేజరుతో నేను మాట్లాడనా?"

"మాట్లాడండి."

ఆయన చెప్పింది తప్పు కాదు. ఆదేశం అడిగినంత మేరకు నేను చూశాను. అద్దం అందిన మేరకు అని అందులోనే ఉంది. సంతకం పెడితే ఎవరూ వేలెత్తి చూపరు. విప్పితే మాత్రం ఎందుకు విప్పావని అడుగుతారు, అడిగితే వేళ్ళ సంగతి చెప్పాలి. చెబితే ఈ పని ఉండదు. రెండు వైపులా ఏముందో నాకు స్పష్టంగా కనబడింది. అంత స్పష్టంగా కనబడుతున్నా లోపల ఏ కదలికా లేదు. భయమైనా వేసి ఉంటే దాన్ని ఆనవాలుగా పట్టుకునేవాణ్ణి. నాలుగు వైపుల్లో ఒక వైపు సంగతి నాకు తెలియదు. ఆ ఒక్క లెక్క మీదనే లేచి స్క్రూడ్రైవరు అందుకున్నాను.

మధ్యాహ్నం దాటాక పార్టీ వచ్చింది. నలుగురు. అందులో ఒకాయన టార్పాలిన్ కింద పరిచిన క్లాంపులను, మరలను కాసేపు చూసి, హిందీలో విమానం పాడైందా అని అడిగారు. ఇంకా తెలియదని చెప్పాను. ఆయన తల పంకించి, కార్లు తిప్పించుకొని రాయ్‌పూర్ రోడ్డు పట్టారు. కెప్టెన్ వాళ్ళ వెనక గేటు దాకా నడిచి, తిరిగి వచ్చి, మెట్ల మీద కూర్చుని మాతో మాట్లాడటం మానేశారు.

బండిల్ పట్టీ నుంచి వదులైంది. మెకానిక్ దాన్ని రెండు చేతులతో మెల్లగా వెలుతురు వైపు తిప్పి పట్టుకున్నాడు. కళ్ళజోడు మార్చి, దీపం దగ్గరగా పెట్టి, జానెడు జానెడు చొప్పున చూశాను. పొర మీద సన్నని ధూళి తప్ప ఏమీ లేదు. గాటు లేదు, అరుగుదల లేదు. పట్టీకి ఆనుకున్న చోట చుట్టిన రక్షణ తొడుగు కూడా కొత్తదానిలా ఉంది.

"పెబువా! పెళ్ళికూతురి జడలాగున్నాది" అన్నాడు మెకానిక్.

కెప్టెన్ లేచి వచ్చి తొంగి చూశారు. "ఇందుకా?" అన్నారు.

"ఇందుకే" అన్నాను.

ఆయన తిరిగి మెట్ల మీదికి వెళ్ళారు. తీగ బాగున్నందుకు నాకు సంతోషం కలగలేదు. ఒక రోజు పాడు చేసినందుకు సిగ్గూ కలగలేదు. తువ్వాలుతో ధూళి తుడిచాను.

బిగింపు పని అతనే చేశాడు. బండిల్‌ను కట్టే తాడు బిగువు వేళ్ళకే తెలియాలి, మరీ బిగిస్తే తాడే పొరను కోస్తుంది. నేను పక్కన కూర్చుని కంటితో చూసి సరే అన్నచోట మాత్రమే ముందుకు పోయాడు. మరుసటి ఉదయం పరీక్షలు కూడా ముగిశాయి. విప్పిన మరలు, బిగించిన మరలు సరిపోయాయి. క్లాంపులు తొలగించి నాలుగు వైపులా కంటితో చూశాను అని రాసి సంతకం పెట్టాను. విమానం ఖాళీగా రాయ్‌పూర్ వెళ్ళి, రాత్రి ఢిల్లీ విమానం అందక అక్కడే ఉండిపోయిన వాళ్ళను ఎక్కించుకుంది.

అది లేచిన కాసేపటికి మేనేజరు గారి నుంచి ఫోను వచ్చింది. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచరు.

"క్లాంపులు ఎందుకు విప్పారండీ?"

"వెనక వైపు చూడటానికి."

"ఇదివరకు ఇదే రకం చాలా చూశారు. ఎప్పుడూ విప్పలేదు."

"వేళ్ళకు స్పర్శ పోయింది. ఇక నుంచి ప్రతిసారీ విప్పాలి."

"ఎంత పోయింది?"

"గాటు పెట్టిన తీగ ఇస్తే మూడుసార్లూ కనుక్కోలేకపోయాను."

"ఎవరు పరీక్ష పెట్టారు?"

"నేనే పెట్టించుకున్నాను."

"ఇరుకు సందుల పనికి ఇక మీ సంతకం వద్దండీ. బయటికి కనబడే వాటికి ఉంచుతాను."

"బయటికి కనబడే పని మన దగ్గర ఎంత ఉంది?"

"లేదు" అన్నారు ఆవిడ, నిదానంగా. "కాగితాల వైపు రండి. పని విధానాలు రాసే మనిషి కావాలి. జీతం సంగతి నేను చూస్తాను." తర్వాత, "డాక్టరు దగ్గరికి వెళ్తున్నారా?" అని అడిగారు. వెళ్తున్నానని చెప్పాను.

ఆ మధ్యాహ్నమే జీపులో బయల్దేరాం. డ్రైవరు భోపాల్‌పట్నం మనిషి. గీదం దాటే దాకా ఊరుకొని, ఇక ఉండలేక అడిగాడు.

"ఏంది సారు, ఇమానం పొద్దుగాలనే పోయిందంట గద. మీరు దాంట్ల ఎందుకు పోలే?"

"అది రాయ్‌పూర్ పోయిందయ్యా."

"అయితేంది? బాగు జేసినోళ్ళకే జాగ లేకపాయె!"

"అందులో పాడైందే లేదు, బాగు సెయ్యడానికి" అన్నాడు మెకానిక్.

"పాడు గాకుంటే మరి రెండు దినాలు ఏం జేసిన్రు?"

"సూసేం."

డ్రైవరు ఒకసారి అద్దంలో మా ఇద్దరినీ చూసి, మంచి నౌకరీ అన్నట్టు తల ఊపి, గేరు మార్చాడు.

తర్లగూడ దగ్గర టీకి ఆగాం. మెకానిక్ నా గ్లాసును చుట్టూ కాగితం చుట్టి తెచ్చి ఇచ్చాడు. ఇద్దరం జీపుకు ఆనుకొని తాగాం.

"ఆదేశం వచ్చిన రకం ఇంకా రెండున్నాయి గదండీ షాపులో. వాటికి సంతకం ఎవులు?" అని అడిగాడు.

కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టరు అని చెప్పాను.

"ఆయనకి ఏలితో సూసీ అలవాటుందేటి?"

"లేదు. ఆయన ప్రతిదీ విప్పించి చూస్తారు."

"ఆలీసెం అవుతాది."

"అవుతుంది."

"అయినా మంచిదేనేమో గురువుగారూ. కళ్ళతో సూసింది సూసినట్టుంటాది."

"మంచిదే" అన్నాను. నన్ను నొప్పించానేమోనని అతను నాకేసి చూశాడు. నొప్పి లేదు. ఇన్నేళ్ళుగా వందల బండిళ్ళను విప్పకుండా, ఒక వేలి మాట మీద ఆకాశంలోకి పంపాం. వాటిలో ఏదీ తగలబడలేదు. వేలు చెప్పింది నిజమని దానితో రుజువు కాదు. ఇది నాకు అక్కడ, ఆ టీ కొట్టు ముందు తట్టింది. తట్టినా గ్లాసులోని టీ పూర్తిగా తాగాను.

కాగితాల విభాగంలో నాకు ఇచ్చిన మొదటి పని, ఆ తనిఖీకి మా షాపు పని విధానాన్ని తిరగరాయడం. పాత ప్రతిలో, అద్దానికి అందని భాగాన్ని చూపుడువేలితో తడిమి చూడవలెను, తడిమినవారే సంతకము చేయవలెను అని ఉంది. పెద్దాయన మాటలు, పెద్దాయన భాష. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, క్లాంపులు తొలగించి బండిల్‌ను తిప్పి నాలుగు వైపులా కంటితో చూడవలెను అని రాశాను. పనికి పట్టే సమయం కింద పాత అంకె తీసేసి, దానికి రెట్టింపుకు పైగా వేశాను. ఒకసారి చదివి, తప్పులు లేవని చూసుకొని, ఆమోదానికి పంపాను.